చూపు బాగానే ఉంది కదా, షుగరు మనిషికి రెటీనా పరీక్ష దేనికి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కావలిలో ఉండే మీ నాన్నగారికి 58 ఏళ్లు, షుగరు వచ్చి 12 ఏళ్లు. బిళ్లలు మానలేదు. మొన్న షుగరు డాక్టరు "రెటీనా ఎప్పుడు చూపించారు?" అని అడిగి, చీటీ రాసిచ్చాడు. నాన్నగారేమో "పేపరు చదువుతా ఉండాను, రాత్రిళ్లు బండి తోలతా ఉండాను, ఈమధ్యే అద్దాలు మార్చాను, ఇంకేంది చూపించేది" అంటున్నారు. దానికి తోడు చుట్టాల్లో ఒకాయనకు కంట్లో ఇంజెక్షన్లు వేశాక చూపు పోయిందని ఇంట్లో అందరికీ భయం. వెళ్లాలా వద్దా, వెళ్తే ఎక్కడికి, అని.

వెళ్లాలి, అదీ ఈ నెలలోనే. ఆయన చెప్పిన మూడు కారణాల్లో ఏ ఒక్కటీ రెటీనా, అంటే కంటి లోపల వెనక గోడకుండే చూపు తెర, బాగుందని చెప్పదు. నేను డాక్టర్ని కాను. నెల్లూరు, ప్రకాశం జిల్లాల ప్రభుత్వ ఆస్పత్రుల్లో పారామెడికల్ ఆఫ్తాల్మిక్ ఆఫీసరుగా పనిచేసి రిటైరయ్యాను. చార్టు ముందు కూర్చోబెట్టి అక్షరాలు చదివించడం, చుక్కలు వేయడం, డాక్టరు రాసిన చీటీలో ఏముందో పేషెంటుకు అర్థమయ్యేలా చెప్పడం మా పని. అందుకని వైద్యం లోతుపాతులకన్నా, మనవాళ్లు ఎక్కడ ఆగిపోతారన్నది నాకు బాగా తెలుసు.

షుగరు కంటికి దెబ్బ అని తెలియని మనిషి మన వైపు ఇప్పుడు దాదాపు లేడు. టీకొట్టు దగ్గర అడిగినా "అది కళ్లకూ కిడ్నీలకూ ఎక్కుద్ది" అంటారు. 1990ల చివర్లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి వాళ్లు హైదరాబాదులో సర్వే చేస్తే, శుక్లాల గురించి విన్నవాళ్లు 70 శాతం దాకా ఉన్నారు గానీ డయాబెటిక్ రెటినోపతి (షుగరు వల్ల రెటీనా చెడే జబ్బు) గురించి విన్నవాళ్లు 27 శాతమే. ఇవాళ అడిగితే ఆ లెక్క బాగా పెరిగి ఉంటుందనే నా నమ్మకం. కానీ విన్నంత మాత్రాన పరీక్షకు వస్తారా? రారు. "దెబ్బ తగిలితే నాకు తెలీకుండా పోతుందా, అప్పుడు చూపించుకుంటా" అనుకుంటారు. ఈ జబ్బులో తెలియదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఇంకో చిక్కు, వేరే పరీక్షలు చేయించుకుని ఇదే చేయించుకున్నామని అనుకోవడం. కళ్లజోళ్ల షాపులో గడ్డం ఆనించి మెషీన్‌లోకి చూడమంటారు, దూరంగా ఒక ఇల్లో బెలూనో కనపడుతుంది, కాగితం బయటికొస్తుంది. దాన్ని మనవాళ్లు "కంప్యూటర్ పరీక్ష" అంటారు. పేరు గొప్పగా ఉండేసరికి అందులో అన్నీ తేలిపోయాయనుకుంటారు. అది చెప్పేది అద్దాల పవరు ఎంతన్నది మాత్రమే. అలాగే ఊళ్లో శుక్లాల క్యాంపు పెడితే టార్చి వేసి "పొర లేదు, పో" అంటారు. దాంతో కన్ను మొత్తం బాగున్నట్టేనని ఇంటికొస్తారు. 2019 అక్టోబరులో మొదలైన కంటి వెలుగు శిబిరాల తర్వాత కూడా ఇదే చూశాను. అద్దాలు చేతికొస్తే కంటి పని అయిపోయినట్టే. నవంబరు 14న డయాబెటిస్ దినమని వేలు గుచ్చి షుగరు చూసే క్యాంపులు ఊరూరా పెడతారు. అక్కడ కంట్లో చుక్కలు వేసే మనిషి మాత్రం అరుదుగా కనపడతాడు.

అందుకే మీ నాన్నగారిని ఒక్కటే అడగండి: "ఎప్పుడైనా చుక్కలు వేసి, కాసేపు కళ్లు మూసుకుని కూర్చోబెట్టి, ఆ తర్వాత చూశారా? బయటికొచ్చాక ఎండ చూడలేకపోయావా?" లేదని చెబితే ఆయన రెటీనాను బహుశా ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు. ఫండస్ కెమెరాతో లోపలి ఫోటో తీసి ఉంటే అదీ లెక్కలోకి వస్తుంది, కొన్ని కెమెరాలకు చుక్కలు అక్కర్లేదు. ఆ ఫోటో ఉంటే మాత్రం కాగితం చేతికిచ్చి ఉంటారు, వెతికించండి.

లోపల జరిగేది ఇదీ. పొదలకూరు వైపు నిమ్మతోటల్లో డ్రిప్పు పైపులు చూసే ఉంటారు. ఏళ్ల తరబడి ఉప్పునీళ్లు పారితే పైపు అక్కడక్కడ ఉబ్బుతుంది, కారుతుంది, కొన్ని చోట్ల పూడుకుపోతుంది. రెటీనాకు రక్తం తెచ్చే సన్నని నాళాలకు షుగరు చేసేది అదే. ముందు చిన్న చిన్న ఉబ్బులు వస్తాయి, తర్వాత రక్తపు చుక్కలు, కొవ్వు పదార్థం కారిన పసుపు మరకలు. ఇంకా ముదిరితే కొన్ని నాళాలు మూసుకుపోయి, ఆ మేర రెటీనాకు రక్తం అందదు. రక్తం అందని చోటు ఊరికే ఉండదు, కొత్త నాళాలు మొలిపించుకుంటుంది. అవి గట్టివి కావు. అతుకుల పైపుల్లా ఎప్పుడు తెగుతాయో తెలియదు. తెగిన రోజున కంట్లో రక్తం చిమ్మి, పొద్దున బాగున్న చూపు మధ్యాహ్నానికి చీకటవుతుంది. కొన్నాళ్లకు ఆ నాళాల చుట్టూ మచ్చకట్టి, రెటీనాను గుంజి ఊడదీయడమూ ఉంది.

మరి పేపరెలా చదువుతున్నాడంటారా? చదవడానికి, ముఖాలు గుర్తుపట్టడానికి వాడేది రెటీనా మధ్యలో ఉన్న మాక్యులా అనే చిన్న భాగం. దెబ్బ చుట్టుపక్కల ఉన్నంత కాలం మధ్యచూపు 6/6, అంటే పూర్తిగా, వస్తూనే ఉంటుంది. రక్తం చిమ్మడానికి సిద్ధంగా కొత్త నాళాలున్న కంటితో చార్టులో ఆఖరి వరస గడగడా చదివినవాళ్లు చాలామంది నా ముందు కూర్చున్నారు. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, నీరు కారదు. పైగా ఒక కన్ను తగ్గుతుంటే రెండోది ఆ పని కూడా చేసేస్తుంది.

అల్లూరు దగ్గర రొయ్యల చెరువులు చేసే ఒకాయన సంగతి చెబుతాను. రాత్రి చెక్ ట్రే ఎత్తి, టార్చి వెలుగులో మేత ఎంత మిగిలిందో చూస్తున్నాడు. మేత పొడి కుడికంట్లో పడింది. ఆ కన్ను మూసుకుని ఎడమకంటితో చూస్తే టార్చి వెలుగు ఉందని తెలుస్తోంది గానీ ట్రే లేదు, చెయ్యి లేదు. పొడి పడ్డందుకే చూపు పోయిందనుకుని తెల్లారేసరికి ఆస్పత్రికొచ్చాడు. పొడి పడింది కుడికంట్లో, చూపు లేనిది ఎడమకంట్లో. ఆ ఎడమకన్ను ఎన్ని నెలల కిందట పోయిందో ఆయనకే తెలియదు. రెండో కంట్లోనూ కొత్త నాళాలు అప్పటికే మొలిచి ఉన్నాయి. లేజర్ చేసి ఆ కన్ను నిలబెట్టారు. మేత పొడి పడకపోయి ఉంటే అదీ దక్కేది కాదు.

"మా నాన్నకు షుగరు కంట్రోల్లో ఉంది" అని మీరు రాశారు. ఏ పరీక్ష చూసి? పరగడుపున తీసిన ఒక్క లెక్క చూసి అయితే అది సరిపోదు. పరీక్ష ఉందంటే నాలుగు రోజుల ముందు నుంచి అన్నం తగ్గించి, పొద్దున్నే నాలుగు రౌండ్లు ఎక్కువ నడిచి, డాక్టరు దగ్గర మార్కులు తెచ్చుకునేవాళ్లు మనలో తక్కువేం కాదు. హెచ్‌బీఏ1సీ అడగండి, అది సుమారు మూడు నెలల సరాసరి చెబుతుంది, దాన్ని మోసం చేయడం కష్టం. చాలామందికి 7 శాతం లోపు లక్ష్యంగా పెడతారు. వయసును, మిగతా జబ్బులను బట్టి డాక్టరు అటూ ఇటూ మారుస్తాడు. రక్తం బాగా తక్కువగా ఉన్నవాళ్లలో ఈ లెక్క తప్పుదారి పట్టించవచ్చు, ఆ సంగతీ డాక్టరుతో అనండి.

షుగరు అదుపులో ఉంటే లాభం లేదా అంటే, ఉంది, చాలా ఉంది. చిన్న వయసులో వచ్చే టైప్ 1 వాళ్ల మీద అమెరికా, కెనడాల్లో చేసిన డీసీసీటీ అధ్యయనం 1993లో బయటికొచ్చింది. గట్టిగా అదుపు చేసినవాళ్లలో రెటినోపతి కొత్తగా రావడం 76 శాతం తగ్గింది. మనలో ఎక్కువమందికి ఉండే టైప్ 2 మీద బ్రిటన్‌లో చేసిన యూకేపీడీఎస్ ఫలితాలు 1998లో వచ్చాయి. అందులో మనవాళ్లు పట్టించుకోని సంగతి ఒకటుంది. బీపీ బాగా తగ్గించినవాళ్లలో రెటినోపతి ముదరడం 34 శాతం తగ్గింది. షుగరు బిళ్ల మరిచిపోతే కంగారుపడే మనిషి బీపీ బిళ్లను మాత్రం "ఇప్పుడు నార్మల్ గానే ఉందిలే" అని ఆపేస్తాడు. కంటికి రెండూ కావాలి. అదే అధ్యయనంలో, షుగరు కొత్తగా బయటపడ్డ రోజునే మూడో వంతుకు పైగా జనానికి రెటీనాలో ఏదో ఒక మార్పు కనపడింది. టైప్ 2 చాప కింద నీరులా ఏళ్ల తరబడి ఉండి తర్వాత బయటపడుతుంది కాబట్టి. అందుకే టైప్ 2 వాళ్లు షుగరు తెలిసిన వెంటనే, టైప్ 1 వాళ్లు వచ్చిన అయిదేళ్లలోపు, ఆ తర్వాత ఏటా చూపించుకోవాలంటారు. షుగరున్న ఆడపిల్ల గర్భవతి అయితే మొదటి మూడు నెలల్లోనే చూపించాలి, ఆ సమయంలో జబ్బు వేగంగా ముదురుతుంది.

ఎన్నాళ్ల నుంచి షుగరుందన్నది మాత్రం మన చేతిలో లేని లెక్క. ఏళ్లు గడిచేకొద్దీ అవకాశం పెరుగుతూ పోతుంది, బాగా చూసుకున్నవాళ్లకూ రావచ్చు. 12 ఏళ్లంటే చిన్న కాలం కాదు. అలాగని హడలిపోనక్కర్లేదు. 2015-19 మధ్య దేశవ్యాప్తంగా చేసిన ప్రభుత్వ సర్వేలో 50 దాటిన షుగరు వాళ్లలో ఏదో ఒక దశ రెటినోపతి ఉన్నవాళ్లు 16.9 శాతం, చూపు పోయే ప్రమాదం దాకా వచ్చినవాళ్లు 3.6 శాతం. అంటే వెళ్లినవాళ్లలో ఎక్కువమందికి "ఏమీ లేదు, ఏడాదికి రా" అనే చెబుతారు. మీ నాన్నగారికీ ఆ మాటే రావచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. చాలాకాలం ఎక్కువగా ఉన్న షుగరును ఇన్సులిన్‌తోనో, ఇప్పుడు బాగా వినపడుతున్న వారం వారం వేసుకునే ఇంజెక్షన్లతోనో ఒక్కసారిగా దించితే, అప్పటికే ఉన్న రెటినోపతి కొన్నాళ్లు ముదిరే అవకాశం ఉంది. దాన్ని చూసి మందు మానేయకూడదు, దీర్ఘకాలంలో అదుపే మేలు. మందు మార్చే ముందు రెటీనా చూపించుకుంటే డాక్టరుకు దారి తెలుస్తుంది.

పరీక్ష రోజు ఎలా ఉంటుందో చెబితే సగం భయం పోతుంది. పస్తు ఉండక్కర్లేదు, టిఫిను తిని మామూలు బిళ్లలు వేసుకునే వెళ్లమనండి. షుగరు పుస్తకం, బీపీ లెక్కలు, వాడుతున్న మందుల చీటీ, పాత అద్దాలు తీసుకెళ్లాలి. ముందు చార్టు చదివిస్తారు, కంటి ప్రెషరు చూస్తారు. తర్వాత కంటిపాప పెద్దదవడానికి చుక్కలు. కొంచెం మండుతుంది. షుగరు వాళ్లకు పాప త్వరగా విచ్చుకోదు, అరగంటో ముప్పావు గంటో పట్టొచ్చు, మళ్లీ మళ్లీ వేస్తారు. "నా తర్వాత వచ్చినోళ్లు పోతా ఉండారు, నన్ను కూర్చోబెట్టారు" అని గొడవ పడేది ఎక్కువగా షుగరు వాళ్లే. పాప విచ్చుకున్నాక డాక్టరు తలకు లైటు కట్టుకుని, చేతిలో అద్దం పట్టుకుని పైకి చూడు, కిందికి చూడు, చెవి వైపు చూడు అంటూ రెటీనా అంచుల దాకా చూస్తాడు. లైటు గుచ్చినట్టుంటుంది, నొప్పి కాదు. ఆ తర్వాత నాలుగైదు గంటలు దగ్గరి చూపు అలుక్కుపోయినట్టుంటుంది, వెలుతురు పడదు. అందుకని బండి మీద వెళ్లొద్దు, తోడు మనిషి కావాలి, నల్లద్దాలో గొడుగో పెట్టుకోవాలి. మన ఎండల సంగతి చెప్పేదేముంది.

మాక్యులాలో వాపు అనుమానముంటే ఓసీటీ అనే స్కాన్ తీస్తారు, దానికి సూది లేదు, ముట్టుకోవడం కూడా లేదు. నాళాలు ఎక్కడ కారుతున్నాయో తెలియాల్సినప్పుడు చేతి నరానికి పసుపు రంగు మందెక్కించి ఫోటోలు తీస్తారు. ఆ రోజు ఒళ్లు పచ్చబడుతుంది, మూత్రం ముదురు పసుపుగా వస్తుంది. కామెర్లు వచ్చాయని రాత్రికి రాత్రే పసరు మందు పోయించినవాళ్లున్నారు. అది మర్నాటికి పోతుంది.

చీటీలో ఎన్‌పీడీఆర్ అని ఉంటే కొత్త నాళాలు ఇంకా మొలవలేదని. పక్కన మైల్డ్ అంటే ఏడాదికోసారి, మోడరేట్ అంటే ఆరు నెలలకోసారి, సివియర్ అంటే మూడు నెలలు కూడా ఆగకుండా రమ్మంటారు. పీడీఆర్ అని ఉంటే కొత్త నాళాలు వచ్చేశాయి, వైద్యం వాయిదా వేయకూడదు. డీఎంఈ అంటే మాక్యులాలో వాపు. ఇది ఏ దశలోనైనా రావచ్చు, షుగరు మనుషులకు చదివే చూపు తగ్గడానికి ఎక్కువగా ఇదే కారణం. చీటీలో ఏది రాసినా మూత్రంలో అల్బుమిన్ పరీక్ష కూడా చేయించండి. కంట్లో సన్నని నాళాలు చెడితే కిడ్నీలో ఉన్నవాటినీ అనుమానించాల్సిందే.

ఇప్పుడు ఇంజెక్షన్ల భయం. మీ చుట్టం విషయంలో ఏం జరిగిందో నాకు తెలియదు గానీ, ఎక్కువ సందర్భాల్లో వినపడే కథ ఒకటే. చూపు సగం పోయాక వస్తారు. నెలకొకటి చొప్పున వరసగా వేయాలంటారు. మొదటిది వేశాక చూపు పెద్దగా పెరగలేదని రెండోదానికి రారు. జబ్బు దాని దారిన అది పోతుంది, నింద సూది మీద పడుతుంది. రెటీనా వాపు దిగడానికి, కొత్త నాళాలు ఎండడానికి వేసే మందు అది. వాపు మళ్లీ వస్తుంది, అందుకే మళ్లీ మళ్లీ వేస్తారు. ఉన్న చూపు నిలబడితే వైద్యం ఫలించినట్టే, పెరిగితే అదృష్టం. పూర్తిగా చచ్చిపోయిన భాగాన్ని ఏ మందూ బతికించదు.

వేసే విధానం మీరు ఊహించుకున్నంత ఘోరమేమీ కాదు. ఆపరేషన్ థియేటర్లో తిమ్మిరి చుక్కలు వేసి, బెటాడిన్‌తో కడిగి, నల్లగుడ్డుకు మూడున్నర నాలుగు మిల్లీమీటర్ల ఎడంగా తెల్లగుడ్డులోంచి జుట్టంత సన్నని సూదితో వేస్తారు. సూది లోపల ఉండేది కొన్ని క్షణాలు. మర్నాడు తెల్లగుడ్డు మీద ఎర్రమచ్చ కనపడితే కంగారుపడొద్దు, పోతుంది. అయితే నొప్పి పెరుగుతూ, ఎరుపెక్కి, చూపు తగ్గుతుంటే గంటలు కూడా ఆగకుండా వేసిన చోటికే పోవాలి. ఇన్ఫెక్షన్ వేలల్లో ఒకరికి వచ్చేది, వస్తే మాత్రం కన్ను పోగొడుతుంది. మందుల్లో చవకైనది అవాస్టిన్. దాని పేరు సెల్‌ఫోన్లో కొడితే క్యాన్సర్ మందని వస్తుంది, పిల్లలు చదివి వినిపిస్తారు, ఇల్లంతా గగ్గోలు. నిజమే, 2004లో పేగు క్యాన్సర్‌కు అనుమతి వచ్చిన మందే అది, కొత్త రక్తనాళాలను పెరగనివ్వదు కాబట్టి కంటికి చాలా చిన్న మోతాదులో వాడుతున్నారు. ఈమధ్య గుండెపోటో పక్షవాతమో వచ్చి ఉంటే ముందే చెప్పాలి.

లేజర్ సంగతీ అంతే. 1976లో అమెరికాలో వెలువడ్డ పెద్ద అధ్యయనం, కొత్త నాళాలున్న కళ్లలో లేజర్ వల్ల చూపు ఘోరంగా పోవడం సగానికి పైగా తగ్గిందని చూపించింది. ఇన్నేళ్లకూ దాన్ని వాడుతూనే ఉన్నారు. మధ్యచూపును కాపాడుకోవడానికి అంచుల్లో కొంత రెటీనాను కాల్చి వదులుకోవడమన్నమాట. దాంతో రాత్రి చూపు, పక్క చూపు కాస్త తగ్గొచ్చు. చేసేముందు ఈ మాట చెప్పాల్సిన బాధ్యత చేసేవాళ్లదే. తొందరలో చాలాచోట్ల చెప్పరు, తర్వాత పేషెంటు "లేజర్ కొట్టి కన్ను పాడుచేశారు" అని ఊరంతా చెబుతాడు. ఆ ఒక్క మనిషి మాటతో ఆ వీధిలో షుగరు వాళ్లు పరీక్షకే రావడం మానేస్తారు. మీరు అడిగి చెప్పించుకోండి.

శుక్లాల ఆపరేషన్ గురించి కూడా. షుగరు వాళ్లకు పొర త్వరగా వస్తుంది. పొర తీస్తే చూపొస్తుందని క్యాంపు బస్సెక్కుతారు. వెనక రెటీనా చెడి ఉంటే పొర తీసినా చూపు రాదు, పైగా మాక్యులా వాపు పెరగవచ్చు. అందుకని షుగరు మనిషి "ముందు రెటీనా చూశారా?" అని అడిగిన తర్వాతే ఆపరేషన్‌కు ఒప్పుకోవాలి. పొర మందంగా ఉండి లోపల కనపడకపోతే స్కాన్ తీసి చూస్తారు. అద్దాల విషయమూ ఇలాంటిదే. షుగరు ఎక్కువ తక్కువలు అవుతున్నప్పుడు కంటి కటకం పవరు మారిపోతుంటుంది. ఆ రోజుల్లో కొన్న అద్దాలు నెల తిరిగేసరికి పనికిరావు. షుగరు కొన్ని వారాలు నిలకడగా ఉన్నాకే కొనండి.

ఎక్కడికి అన్నదానికి: మొదటి పరీక్షకు చెన్నై దాకా అక్కర్లేదు. నెల్లూరు, ఒంగోలు రెండు చోట్లా ప్రభుత్వ సర్వజన ఆస్పత్రుల్లో కంటి విభాగాలున్నాయి, ప్రైవేటులో రెటీనా చూసేవాళ్లూ ఉన్నారు. కావలి నుంచి రెంటికీ రైలుంది, బస్సుంది. ఫోన్ చేసి "రెటీనా డాక్టరు ఏ రోజు ఉంటారు?" అని అడిగి వెళ్లండి. కొన్నిచోట్ల వారానికోసారి బయటి నుంచి వస్తారు, తెలియక వెళ్తే అద్దాల చీటీతో తిరిగొస్తారు. లేజర్, ఇంజెక్షన్, ఆపరేషన్ దాకా వస్తే తిరుపతిలో అరవింద్, విజయవాడ పక్క తాడిగడపలో ఎల్వీ ప్రసాద్, గుంటూరు దగ్గర పెదకాకానిలో శంకర కంటి ఆస్పత్రి, చెన్నైలో శంకర నేత్రాలయ ఉన్నాయి. వీటిలో ఎల్వీ ప్రసాద్, అరవింద్ వాళ్లు స్థోమత లేనివాళ్లకు ఉచితంగానూ చేస్తారు. పేరున్న చోటు అని దూరం ఎంచుకునే ముందు ఒకటి ఆలోచించండి. ఇంజెక్షన్లు మొదలైతే నెలనెలా తిరగాలి. మూడోసారికి విసుగొచ్చి మానేసే దూరం కన్నా, క్రమం తప్పకుండా పోగలిగే దగ్గర మేలు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీకు చెప్పిన వైద్యం వస్తుందో లేదో ఆ ఆస్పత్రి కౌంటర్లో వైద్యమిత్రను ముందే అడగండి, డబ్బు కట్టాక అడిగితే లాభం లేదు.

ఇంట్లో ఏం చేయొచ్చంటే, వారానికోసారి గోడ మీది గళ్ల క్యాలెండర్ ముందు కూర్చోబెట్టి, చదివే అద్దాలు పెట్టించి, ఒక కన్ను అరచేత్తో మూయించండి. గీతలు వంకర పోతున్నాయా, మధ్యలో ఏ అంకెయినా మసకబారిందా, మాయమైందా? తర్వాత రెండో కన్ను. తేడా కనపడితే అద్దాల షాపుకు కాదు, రెటీనా డాక్టరు దగ్గరికి. ఇది డాక్టరు పరీక్షకు బదులు కాదు, అంచుల్లో ఉన్న జబ్బు ఇందులో తెలియదు. ఉన్నట్టుండి నల్ల దారాలు, మసి, సాలెగూడు లాంటివి కదలాడినా, తెర దించినట్టు చూపు ఒక వైపు నుంచి మూసుకుపోయినా, మనుషులు రెండుగా కనపడినా ఆ రోజే పోవాలి.

పొన్నగంటి కూర తింటే కళ్లకు మంచిదంటారు, క్యారెట్లంటారు. కూర కూరగా తినండి, మంచిదే. కారుతున్న నాళాన్ని అది అతకదు. కంట్లో తేనె, ఆకు పసర్లు, చనుబాలు వేయించొద్దు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల్లో రెటినోపతిని తగ్గించేది ఒక్కటీ లేదు. కొన్నింట్లో స్టెరాయిడ్ ఉంటుంది, నెలల తరబడి వేస్తే కంటి ప్రెషరు పెరిగి కొత్త జబ్బు వస్తుంది. సిగరెట్టు, చుట్ట ఉంటే ఆపించాలి.

నాకు కోపం వచ్చే విషయం ఒకటుంది. ఊరికి 104 బండి వస్తుంది, వరసలో నిలబడి షుగరు, బీపీ బిళ్లలు తీసుకుంటారు. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, ఆర్‌ఎంపీ, మందుల షాపు కుర్రాడు, షుగరు డాక్టరు, ఇంతమంది ఆ మనిషిని నెలనెలా చూస్తారు. కంటి డాక్టరు చూసేది చూపు పోయాక. ఆ షుగరు పుస్తకంలో బరువుకు గడి ఉంది, బీపీకి గడి ఉంది, కంటికి లేదు. మీ నాన్నగారి పుస్తకం వెనక అట్ట మీద పరీక్ష జరిగిన తేదీ, మళ్లీ రమ్మన్న తేదీ పెద్ద అక్షరాలతో రాయండి. చూసిన ప్రతివాడూ అడుగుతాడు. మీ డాక్టరు తనంతట తానే అడిగి చీటీ రాశాడంటే ఆయన్ను వదులుకోకండి.

మీరు అడగకపోయినా ఆడవాళ్ల సంగతి చెప్పాలి. పరీక్షకు వచ్చే మగవాళ్ల వెంట వాళ్ల ఆవిడలు తోడుగా వస్తారు. "మీకూ షుగరుందా అమ్మా?" అంటే "ఉండాది లేయ్యా, నాదేముంది, ఆయన్ని చూడండి" అంటారు. ఒంగోలు వైపు పొగాకు గ్రేడింగ్‌కు పోయే ఒకామె, ఆకు రంగు తేడా తెలియక మేస్త్రి చేత మాటలు పడుతూ మూడుసార్లు అద్దాలు మార్చింది. నాలుగోసారి మా దగ్గరికొస్తే రెండు కళ్లలోనూ మాక్యులా వాపు. బియ్యంలో రాయి కనపడకపోయినా, సూదిలో దారం ఎక్కకపోయినా వాళ్లు దాన్ని వయసు ఖాతాలో రాసేసుకుంటారు. మీ ఇంట్లో అమ్మకో, పెద్దమ్మకో, అత్తకో షుగరుంటే వాళ్లకీ అదే రోజు చీటీ తీయించండి. కాకపోతే ఇద్దరికీ చుక్కలు వేస్తే ఒకరినొకరు పట్టుకుని రోడ్డు దాటే పరిస్థితి వస్తుంది కాబట్టి, మీరైనా వెంట వెళ్లండి, లేదా రెండు వేర్వేరు రోజులు పెట్టుకోండి.